బ్రౌన్ ఎవరిది?

నాకు ముక్కు మీద కోపమని మా అక్క అంటుంది. ఆసుపత్రిలోనూ అదే అంటారని తెలుసు. కాకపోతే వాళ్ళు నా వెనక అంటారు. కోపం రాక ఏం చేస్తుంది? నేను డాక్టర్నన్న సంగతి ఈ ఆసుపత్రిలో సగం మందికి తెలియదు. నా గది కింది అంతస్తులో, ఉతికిన దుప్పట్లు పెట్టే గదికి పక్కన ఉంది. దుప్పట్ల కోసం వచ్చినవాళ్ళు పొరపాటున నా తలుపు తెరుస్తారు. మైక్రోస్కోపు మీదికి వంగి కూర్చున్న నన్ను చూసి, "సారీ అండి, ఎవరూ లేరనుకున్నా" అని తలుపు మూసేస్తారు. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎవరూ లేరనుకున్నాననడం వింటే ఒళ్ళు మండదా?

నేను పెథాలజిస్టుని. నా దగ్గరికి రోగి రాడు, రోగి ముక్క వస్తుంది. సూదితో తీసిన ఆ ముక్కను మైనంలో బిళ్ళకట్టి, ఆ బిళ్ళను ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద పరిచి, రంగు వేసి నా బల్ల మీద పెడతారు. నేను చూసి జబ్బు పేరు రాస్తాను. ఆ పేరును పై అంతస్తులో ఎవరో ఎవరికో చెబుతారు. విన్నవాళ్ళు ఏడ్చారో, గుండె దిటవు చేసుకున్నారో నాదాకా రాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లే వేలల్లో చూసి ఉంటాను. ఒక్కరి ముఖం చూసిన పాపాన పోలేదు.

ఇంటికి వెళ్తే అక్కడా ఎవరూ ఉండరు. వేరే ఊళ్ళో ఉన్న అక్క అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "కాస్త మనుషుల్లో పడవే" అంటుంది. "రోజంతా మనుషుల్లోనే ఉంటానే, అదీ లోపలిదాకా" అంటాను. అక్క నవ్వదు. ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ చడీచప్పుడు లేకుండా ఉంటుంది. అందుకని తనంతట తను పెట్టేసేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. ఒంటరితనం అలవాటైపోతుందని అనేవాళ్ళు నాకు ఎదురుపడితే బాగుండును.

నన్ను ఈ పనిలోకి లాక్కొచ్చింది బాబాయి. మా పిన్ని భర్త. ఒకప్పుడు ఈ లాబ్‌కి ఆయనే పెద్ద. ఆయన్ని అందరూ బ్రౌన్ మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా పని కొంచెం చెప్పాలి.

మామూలు గులాబీ, ఊదా రంగులు వేసి చూస్తే ఇది క్యాన్సరని తెలుస్తుంది గాని, ఏ రకమో ఒక్కోసారి తెలియదు. అప్పుడు ప్రోటీన్లను అడుగుతాం. ఒక్కో రకం కణం ఒక్కో ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్‌ను మాత్రమే వెతికి పట్టుకునే మందు ఒకటి స్లైడ్ మీద వేస్తాం. దొరికిన చోట బ్రౌన్ రంగు తేలుతుంది. దొరకని చోట లేత నీలంగా ఉండిపోతుంది. ఊపిరితిత్తుల విషయంలో ముందుగా రెండు అడగాలి. టీటీఎఫ్ అనే ప్రోటీన్ ఉంటే అడినో రకం, పీ ఫార్టీ అనేది ఉంటే స్క్వేమస్ రకం.

ఓస్, రంగు చూసి చెప్పడమేగా అనుకుంటారు కొత్తగా చేరినవాళ్ళు. బ్రౌన్ కనబడగానే, "పాజిటివ్ సార్!" అని ఎగిరి గంతేస్తారు. బాబాయి అప్పుడు నెత్తిన మొట్టినట్టు ఒకే ప్రశ్న వేసేవాడు. "బ్రౌన్ సరే. ఎవరిది?" ఎందుకంటే ఊపిరితిత్తిలోని మంచి కణాలకీ టీటీఎఫ్ ఉంటుంది. క్యాన్సర్ పాకుతూ పాకుతూ కొన్ని మంచి కణాలను మధ్యలో ఇరికించేసుకుంటుంది. రంగు వేస్తే అవి నిక్షేపంలా బ్రౌన్ అవుతాయి. ఆ బ్రౌన్‌ను క్యాన్సర్ ఖాతాలో వేసేశామా, రోగికి తప్పు మందు పోతుంది. ఈ తప్పు చేయాలంటే మా పనిలో ఉన్నవాళ్ళే చేయాలి, ఇంకెవరికీ చేతకాదు.

లాబ్‌లో నేను ఆయన్ని సార్ అనాలి, మీరు అనాలి. గుమ్మం దాటితే బాబాయ్, నువ్వు. ఈ పద్ధతి ఆయనే పెట్టాడు. ఆయన గీత గీశాడంటే ఎవరూ దాటలేరు, పిన్ని తప్ప. పిన్ని ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య మాటలు తనే మోసేది. "మీ బాబాయి నిన్ను భోజనానికి రమ్మంటున్నాడే" అనేది. ఆయన ఆ మాట అని ఉండడని మా ముగ్గురికీ తెలుసు. పిన్ని జబ్బుచేసి పోయాక ఇద్దరం ఎదురుబొదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచేది కాదు. చివరికి ఏదో ఒక వింత కేసు తీసేవాళ్ళం. పిల్లాజెల్లా లేని ఆయనకు నేను, పెళ్ళీపెటాకులూ లేని నాకు ఆయన. అయినా మాకు మాట్లాడుకోవడానికి ఇంకొకరి ముక్క కావాల్సి వచ్చేది.

ఒక ఉదయం ఫోన్ చేశాడు.

"నా ముక్క ఒకటి వస్తుంది. నువ్వు చూడు."

"ఎవరి ముక్క?"

"నాదే. ఊపిరితిత్తిలో గడ్డ. సూది పొడిచారు."

దగ్గు ఎన్నాళ్ళుగా ఉందో, స్కాన్ ఎప్పుడు తీయించుకున్నాడో నాతో మాటమాత్రమైనా అనలేదు. నాకు కోపం తన్నుకొచ్చింది. ఆ కోపం కింద ఉన్నది భయమని ఫోన్ పెట్టేశాక తెలిసింది. బంధువుల ముక్కలు చూడకూడదన్నది మా లాబ్ పద్ధతి. కానీ రెండో డాక్టరు ప్రసవానికి సెలవు పెట్టింది. "నేనే చూస్తాను గాని, అవతలి ఆసుపత్రిలో ఇంకొకరికి కూడా చూపిస్తాను" అన్నాను. "చూపించు. అలాగే చేయాలి" అన్నాడు. అచ్చం పని అప్పజెప్పినట్టే ఉంది ఆ గొంతు.

ముక్క బహు చిన్నది. సగం చచ్చిన కణాలు, సగం నలిగిన కణాలు. క్యాన్సరన్నది చూడగానే తెలిసింది. పెద్ద పెద్ద కేంద్రకాలు, ఒకదానికొకటి పొంతన లేని ఆకారాలు. ఏ రకమో మాత్రం తేలలేదు. టీటీఎఫ్‌కి ఒక స్లైడ్, పీ ఫార్టీకి ఒక స్లైడ్ వేయమన్నాను. మా దగ్గర ముక్కలు కోసే ఆవిడను అందరూ పొదుపక్క అంటారు. ఒక్క పొర వృథా పోనివ్వదు. ఆవిడ తొలిసారి కోసినప్పుడే, తర్వాత పనికొస్తాయని రంగు వేయని ఖాళీ స్లైడ్లు నాలుగు తీసి దాచింది. దాచబట్టి సరిపోయింది. పీ ఫార్టీ స్లైడ్‌ను వేడినీళ్ళలో పెట్టినప్పుడు దాని మీది ముక్క ఊడి కొట్టుకుపోయింది. పదిమందివి బాగానే ఉన్నాయి, ఆయనదే పోయింది.

"ఇంకోటి కొయ్యక్కా" అన్నాను.

"ఎక్కణ్ణుంచి కొయ్యను డాక్టరుగారూ? బిళ్ళలో మైనం తప్ప ఏం మిగల్లేదు. ఉన్నవల్లా ఆ నాలుగే."

అక్కడే వచ్చింది చిక్కు. అడినో రకమైతే తర్వాత జీన్ పరీక్ష చేయాలి. అందులో ఫలానా మార్పు దొరికితే రోజూ మాత్ర వేసుకుని మనిషి చాలాకాలం తిరగగలడు. ఆ పరీక్షవాళ్ళు నాలుగు స్లైడ్లకు ఒక్కటి తగ్గినా ముట్టుకోరు. నేను ఒకటి పీ ఫార్టీకి వాడేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. మళ్ళీ సూది పొడిపిద్దామా అంటే, మొదటిసారికే ఊపిరితిత్తి కుంగిపోయి ఆయన రెండు రోజులు ఛాతీలో గొట్టంతో పడుకున్నాడు. ఇంకోసారి పొడవనని స్కాన్ డాక్టరు చేతులెత్తేశాడు.

టీటీఎఫ్ స్లైడ్ రాగానే బాబాయి లాబ్‌కి వచ్చాడు. కోటు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. మా మైక్రోస్కోపుకు రెండు తలలుంటాయి. ఒకరు స్లైడ్ కదుపుతుంటే ఇద్దరూ ఒకే చోటు చూడవచ్చు. కదిపే వైపు ఎప్పుడూ ఆయనే కూర్చునేవాడు. ఆరోజు అటువైపు రెండడుగులు వేసి, ఆగి, చుట్టూ తిరిగొచ్చి చూసేవాళ్ళ వైపు కూర్చున్నాడు. నేను చూడనట్టు స్లైడ్ తుడుస్తూ ఉండిపోయాను.

"కదుపు" అన్నాడు.

కదిపాను. నలిగిన చోట్లు, చచ్చిన చోట్లు దాటి బతికున్న చోటికి వచ్చాం.

"ఆపు. అదిగో! బ్రౌన్. కనబడుతోందా?"

"కనబడుతోంది సార్."

"ముదురు బ్రౌన్. ఇంకేం కావాలి? అడినోనే. నేను జన్మలో సిగరెట్ ముట్టలేదు. ముట్టనివాళ్ళకి వస్తే ఎక్కువగా వచ్చేది ఇదే. రాసెయ్. ఆ నాలుగూ జీన్ పరీక్షకి పంపించెయ్."

ఆయన గొంతులో అంత హుషారు పిన్ని పోయాక వినలేదు. సరే సార్ అనేస్తే పోయేది. నా నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ కళ్ళు ఊరుకోవే. బ్రౌన్‌గా ఉన్నవి చిన్న కేంద్రకాలు. అన్నీ ఒకే సైజు. పల్చటి గోడ మీద వరసగా, బుద్ధిగా కూర్చున్నాయి. వాటి చుట్టూ ఉన్న పెద్దవి, వికారమైనవి, ఒక్కటంటే ఒక్కటి బ్రౌన్ కాలేదు. అన్నీ నీలమే.

"సార్" అన్నాను. "ఈ బ్రౌన్ ఎవరిది సార్?"

ఆయన తల పైకెత్తి నన్ను చూశాడు.

"నన్నే అడుగుతున్నావా?"

"మీరే కదా అడగమన్నారు."

"క్యాన్సర్‌దే. ఇంకెవరిది?"

"క్యాన్సర్ కణాలు నీలంగా ఉన్నాయి. ఇవి గాలిగది గోడవి. మంచి ఊపిరితిత్తి సార్ ఇది, మధ్యలో ఇరుక్కుపోయింది."

"నాకు పాఠాలు చెప్పకు."

"పీ ఫార్టీ వేయాలి. ఒక ఖాళీ స్లైడ్ తీసుకుంటాను."

"తీసుకుంటే మిగతా మూడూ ఎందుకూ కొరగావు. తెలుసా?"

"తెలుసు."

"రేపు అది అడినో అని తేలితే, నాకున్న ఒక్క దారీ నీ చేత్తో నువ్వే మూసినట్టు. అదీ తెలుసా?"

"తెలుసు సార్. మరి స్క్వేమస్ అయితే? అడినో అని నేను రాస్తే, జీన్‌లో ఆ మార్పు దొరక్కపోతే, పైవాళ్ళు గడ్డకి రక్తం అందకుండా చేసే మందు కలుపుతారని మీకు నేను చెప్పాలా? మీ గడ్డ పెద్ద రక్తనాళం పక్కనే ఉంది. స్క్వేమస్‌కి ఆ మందు పడితే రక్తం కక్కుకుని పోతారు!"

నా నోరు మంచిది కాదు. తప్పు ఎవరు చేసినా గోల చేసే మనిషి కదా, ఈసారీ అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆయన మళ్ళీ వంగి, ఆ బ్రౌన్ వరసను చాలాసేపు చూశాడు.

"సంతకం నీది. నీ ఇష్టం" అని లేచాడు.

"ఇంటి దగ్గర దింపుతాను."

"దారి నాకు తెలుసు."

కారిడార్‌లో దుప్పట్ల బండి తోసుకొస్తున్న అమ్మాయి, "కొంచెం జరుగు తాతా" అంది. ఆయన గోడకు అతుక్కుని నిలబడి బండికి దారిచ్చాడు. ఒకప్పుడు ఆయన వస్తున్నాడంటే ఆ కారిడార్‌లో సెల్‌ఫోన్లు జేబుల్లోకి పోయేవి. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. వెనకాలే వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఇద్దరికీ అలాంటి అలవాటు లేదు.

పొదుపక్కను స్లైడ్ అడిగితే నీళ్ళు నమిలింది. "ఆయన మనకి సార్ కదండీ. ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించానక్కా. ఇవ్వు."

యంత్రం ఆ స్లైడ్‌కి రంగు వేస్తున్నంతసేపూ నేను వేరే కేసులు చూస్తున్నట్టు నటించాను. ఒక్క కణమూ బుర్రకెక్కలేదు. ఈ స్లైడ్ మీది ముక్క కూడా ఊడిపోతే? రెండూ నీలంగానే ఉండిపోతే? అప్పుడు ఉన్న నాలుగింటినీ చెడగొట్టి, ఏ రకమో చెప్పలేక, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆయన అడిగింది కాదన్నందుకు నాకు దక్కేది అదే. సరే అని ఉంటే ఏమయ్యేది అని కూడా అనుకున్నాను. కనీసం కొన్నాళ్ళు సంతోషంగా ఉండేవాడు.

స్లైడ్ వచ్చింది. అడ్డదిడ్డంగా ఉన్న పెద్ద కేంద్రకాలన్నీ ముదురు బ్రౌన్. ఎక్కడ చూసినా అదే. ఇరుక్కుపోయిన ఆ బుద్ధిమంతుల వరస మాత్రం నీలంగా ఉంది. సందేహానికి తావే లేదు. స్క్వేమస్. నా మాటే నెగ్గినందుకు నాలో ఒక్క క్షణం గర్వం లాంటిది లేచింది. దాన్ని గుర్తుపట్టి నా మీద నాకే రోత పుట్టింది. అవతలి ఆసుపత్రి డాక్టరుకు రెండు స్లైడ్లూ పంపిస్తే, మర్నాడు ఆయనా అదే మాట అన్నాడు.

రిపోర్టు పైకి పంపాలి. అక్కడ ఎవరో ఆయన్ని పిలిచి చెబుతారు. పద్ధతి అదే. కానీ ఈసారి నా వల్ల కాలేదు. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసి, ఏమీ అడక్కుండా లోపలికి నడిచాడు. గదిలో సోఫా మీద ఒక మనిషి కూర్చునేంత చోటే ఖాళీగా ఉంది. మిగతా సగం పాత పేపర్ల దొంతర. ఎన్నాళ్ళుగా ఆ పక్కన ఎవరూ కూర్చోలేదో చెప్పనక్కర్లేదు. ఆయన వంగి ఆ దొంతర తీయబోతే దగ్గు తెర వచ్చింది. నేనే తీసి కింద పెట్టి కూర్చున్నాను.

"పీ ఫార్టీ పాజిటివ్. గట్టిగా, అన్నిటా. టీటీఎఫ్ నెగటివ్. స్క్వేమస్" అన్నాను. రిపోర్టులో ఎలా రాశానో అలాగే.

"కంట్రోల్ స్లైడ్‌కి రంగు బాగా పట్టిందా?" రంగు సరిగా పనిచేసిందో లేదో తేల్చే తోడు స్లైడ్ సంగతి అడుగుతున్నాడు.

"పట్టింది."

"రెండో ఆయన?"

"అదే అన్నాడు."

తలూపాడు. కిటికీలోంచి కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్న చప్పుడు వస్తోంది.

"నేను నటించానని అనుకున్నావేమో. లేదు. నాకు నిజంగానే అది క్యాన్సర్ బ్రౌన్‌లాగే కనబడింది" అన్నాడు. "ఇంటికొచ్చి నడుం వాల్చాక తట్టింది. ఆ తప్పుకి ఎంతమందిని తిట్టానో! ఒకడైతే ఏడ్చుకుంటూ వెళ్ళి ఉద్యోగమే మానేశాడు."

"నీ స్లైడ్ కదా బాబాయ్."

"అదే మరి. నాదనేసరికి నా కళ్ళే నాకు అబద్ధం చెప్పాయి."

మాట్లాడుకోవడానికి ఎప్పుడూ ఎవరిదో ఒక కేసు ఉండేది. ఇప్పుడున్న కేసు ఆయనే.

"సరే, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"చెప్పానుగా."

"అది డాక్టరుకి చెప్పావు. పేషెంటుకి చెప్పు. నాకెవరూ చెప్పలేదు. స్కాన్ నేనే చదువుకున్నాను. ముక్క నేనే నీకు పంపించాను. స్లైడూ నేనే చూసుకున్నాను. అయ్యా, నీకు ఫలానా జబ్బు చేసింది అని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నా ముఖం చూసి అనలేదు."

"నాకు చేతకాదు బాబాయ్. ఎప్పుడూ చెప్పలేదు."

"నాకు మాత్రం చేతనయ్యిందా? మీ పిన్నికి వేరేవాళ్ళే చెప్పారు. నన్ను లోపలికి రమ్మంది. డాక్టర్నయ్యుండి నేను లోపల ఏం చేస్తాను, నువ్వెళ్ళు అన్నాను. బయట గోడకి ఆనుకుని నిలబడ్డాను. తను తలుపు తీసుకుని ఒక్కతే వచ్చింది."

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నాకేసి తిరిగి కూర్చున్నాడు. పిలుపు కోసం ఎదురుచూసే మనుషులు అలా కూర్చోవడం లిఫ్టు దగ్గర చాలాసార్లు చూశాను. ఇక తప్పేలా లేదు. నేను మైక్రోస్కోపులోకి చూసినట్టు కాకుండా, ఆయన ముఖంలోకి చూశాను. కళ్ళ కింద చర్మం ఎంత పల్చబడిపోయిందో అప్పుడు కనబడింది.

"బాబాయ్, నీకు ఊపిరితిత్తిలో క్యాన్సర్ వచ్చింది. మాత్రలతో నెట్టుకొచ్చే రకం కాదు. ఆసుపత్రికి వెళ్ళి నరంలోకి ఎక్కించుకోవాలి. కొందరికి ఆ మందులు బాగా పనిచేస్తాయి. నీకు చేస్తాయో లేదో నాకు తెలీదు. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

పూర్తయ్యేదాకా కదలకుండా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్క మాట దిద్దలేదు.

"భయంగా ఉందమ్మా" అన్నాడు.

"నాక్కూడా."

"నీకెందుకు?"

"ఎందుకంటావేంటి బాబాయ్? ఈ ఊళ్ళో నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

అనేసి ఏడ్చాను. రోగి ముందు డాక్టరు ఏడవకూడదంటారు. మాకు రోగులు లేరు కాబట్టి ఆ పాఠం మాకెవరూ చెప్పలేదు. ఆయన జేబులో రుమాలు వెతికాడు, దొరకలేదు. చివరికి నా తల మీద చెయ్యి వేసి, ఎలా తీయాలో తెలియనట్టు అలాగే ఉంచేశాడు.

ఆ చెయ్యి తీయకుండానే, "రేపు పొద్దున్న క్యాన్సర్ డాక్టరు రమ్మన్నాడు. వస్తావా?" అన్నాడు.

"వస్తాను."

"బయట కూర్చోవడం కాదు."

"లోపలికే వస్తాను."

"ఇద్దరికీ కుర్చీలుంటాయంటావా అక్కడ?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అంతకాలం పనిచేసిన ఆసుపత్రిలో ఆ గది లోపల ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

"లేకపోతే నీ పక్కన నిలబడతాను" అన్నాను.